ఏనుగు చెవి మొక్కలు: ఒకటి కుళ్లుతోంది, ఒకటి మాడుతోంది

ప్రశ్న: మాది నల్లగొండ. పోయిన వానాకాలంలో నర్సరీ నుంచి ‘ఏనుగు చెవి’ అంటే రెండు మొక్కలు తెచ్చుకున్నాం. రెండింటినీ డాబా మీద 12 అంగుళాల నల్ల ప్లాస్టిక్ కుండీల్లో పెట్టాను. సంక్రాంతి దాకా బాగానే ఉన్నాయి. ఎండలు ముదిరిన దగ్గర్నుంచి ఒకదాని ఆకుల అంచులు మాడి కాగితంలా పెళుసుగా అవుతున్నాయి. దీని ఆకులు కిందికి వేలాడతాయి. రెండోదాని ఆకులు పైకి నిక్కి ఉండేవి. ఇప్పుడు దాని మొదలు మెత్తబడి, ఆకులు పసుపెక్కి వాలిపోతున్నాయి. రెండింటికీ పొద్దున, సాయంత్రం బోరు నీళ్లు పోస్తున్నాను. మన ఫ్లోరైడ్ నీళ్ల వల్లేనా ఇదంతా? మా అత్తమ్మ ఇవి చామ మొక్కలే, ఆకు వండుకోవచ్చు అంటోంది. ఇంట్లో రెండేళ్ల బాబు ఉన్నాడు, అదొక టెన్షన్. ఫొటోల్లో కనిపించేంత పెద్ద ఆకులు అసలు మన దగ్గర వస్తాయా?

– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: అమ్మా, ముందు మొదలు మెత్తబడిన మొక్క సంగతి చూడండి. దానికి ఎక్కువ టైం లేదు. ఈ రోజే నీళ్లు ఆపి, మట్టితో సహా కుండీలోంచి బయటికి తీయండి. చేతులకు గ్లౌజులో, పాలిథిన్ కవర్లో తొడుక్కోండి, దాని పాలు తగిలితే దురద పెడుతుంది. మట్టిని మెల్లగా దులిపి వేళ్లు చూడండి. తెల్లగా గట్టిగా ఉన్నవి బతికున్నవి. గోధుమ రంగుకు తిరిగి, లాగితే పైతొక్క ఊడి లోపలి దారం మాత్రం చేతికొచ్చేవి పోయినవి. పోయినవాటిని, కాండంలో మెత్తబడ్డ భాగాన్ని శుభ్రమైన చాకుతో కోసేయండి. లోపల గట్టి కండ కనిపించేదాకా కోయాలి, మొహమాటపడి కొంచెం వదిలిపెడితే అక్కడి నుంచే మళ్లీ కుళ్లు మొదలవుతుంది. పురుగుమందుల షాపులో కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు దొరుకుతుంది. లీటరు నీళ్లకు 3 గ్రాములు కలిపి కోసిన చోట తడిపి, నీడలో ఒకటి రెండు రోజులు ఆరనివ్వండి. ఆ తర్వాత చిన్న కుండీలో, దొడ్డు ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలో నాటండి. పెద్ద ఆకులు ఒకటి రెండు ఉంచి మిగతావి తీసేయండి, ఉన్న కాసిని వేళ్లు అన్ని ఆకులకు నీళ్లు అందించలేవు. కొత్త చిగురు కనిపించేదాకా మట్టి పైన రెండు అంగుళాలు ఎండాకే కొన్ని నీళ్లు చిలకరించండి. ఎరువు జోలికి పోవద్దు.

ఇప్పుడు అసలు విషయం. మీరు తెచ్చుకున్నవి ఒకే జాతి మొక్కలు కావు. నర్సరీల్లో పెద్ద ఆకున్న చామ కుటుంబం మొక్కలన్నిటికీ ఏనుగు చెవి అనే ఒక్క పేరే పెట్టి అమ్ముతారు. మీరు రాసిన గుర్తుల్ని బట్టి ఆకు కిందికి వేలాడేది కొలొకేసియా, అంటే మన చామ జాతి. పైకి నిక్కి ఆకాశం వైపు చూసేది అలోకేషియా. ఇంకో గుర్తు కూడా చూసుకోండి. కొలొకేసియాలో కాడ ఆకు చీలిక దగ్గర కాకుండా, ఆకు వెనుక కొంచెం లోపలికి అతుక్కుని ఉంటుంది. ముదిరిన అలోకేషియాలో చీలిక దాదాపు కాడ దాకా వస్తుంది, పైగా వయసు పెరిగే కొద్దీ నేల మీద అరటి మొదలు లాంటి కాండం లేస్తుంది. చామ బురదలో పుట్టి పెరిగేది, వేళ్లు నీళ్లలో నానుతున్నా దానికి ఇబ్బంది లేదు. అలోకేషియా అడవిలో పెద్ద చెట్ల నీడన పెరిగేది. అక్కడ వాన ఎంత కురిసినా ఆకులలం నిండిన నేలలోంచి నీళ్లు దిగిపోతాయి, వేళ్లకు గాలి ఆడుతుంది. మీరు రెండింటికీ సమానంగా పోశారు. డాబా మీది ఎండకు చామకు ఆ నీళ్లు చాలలేదు, అలోకేషియాకు అవే ఎక్కువయ్యాయి. మీ ప్రశ్నలో సగానికి జవాబు ఇదే.

నర్సరీ మొక్కతో ఇంకో చిక్కుంది. మన దగ్గర అమ్మే అలంకరణ మొక్కల్లో చాలా భాగం రాజమండ్రి పక్కన కడియం నుంచి లారీల్లో వస్తాయి. అక్కడ గోదావరి పక్కన తేమ గాలిలో, ఒండ్రు మట్టిలో పెరిగినవి. వేళ్ల చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటుంది. ఆ ముద్దను అలాగే తెచ్చి మన ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) మిశ్రమంలో పెడితే నీళ్లు చుట్టుపక్కల నుంచి జారిపోతాయి. ముద్ద లోపల ఒకసారి ఎండిందంటే రాయి, ఒకసారి నానిందంటే వారం రోజులు ఆరదు. మీ మొక్కను బయటికి తీసినప్పుడు ఈ ముద్ద కనిపిస్తే బకెట్ నీళ్లలో నానబెట్టి, వేళ్లు తెగకుండా కరిగించేయండి. కుళ్లు చాలాసార్లు ఆ ముద్ద లోపలే మొదలవుతుంది.

ఇక అంచులు మాడుతున్న చామ. దీనికి నీళ్లు పెంచాలి, నిజమే. కానీ మాడటానికి మొదటి కారణం గాలి. మే నెలలో 44, 45 డిగ్రీలు మనకు కొత్త కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. అంత వెడల్పు ఆకు మీద వడగాలి కొడుతుంటే ఆకు నుంచి నీళ్లు పోయే వేగానికి వేళ్లు అందుకోలేవు. వేళ్లకు అన్నిటికంటే దూరంగా ఉండేది ఆకు అంచే కాబట్టి ముందు అదే ఎండుతుంది. కుండీ నిండా నీళ్లున్నా ఇది ఆగదు. మొక్క ఉన్న చోటు మార్చాలి.

మీ డాబా మీద మధ్యాహ్నం ఒకసారి చెప్పుల్లేకుండా నిలబడి చూడండి, ఆ కుండీ అడుగు ఎంత కాలుతోందో తెలుస్తుంది. స్లాబు వేడి సాయంత్రం ఏడు దాటినా వదలదు. నల్ల ప్లాస్టిక్ కుండీలో మట్టి వేడెక్కి వేళ్లు ఉడికిపోతాయి. వేసవి నాలుగు నెలలూ ఈ మొక్కల్ని కిందికి దించేయడం మేలు. ఇంటికి తూర్పు వైపో ఉత్తరం వైపో, పొద్దున తొమ్మిది పది దాకా ఎండ తగిలి తర్వాత గోడ నీడ పడే చోటు సరిగ్గా సరిపోతుంది. పడమటి గోడ పక్కన మాత్రం వద్దు. వేపచెట్టు కింద చోటుంటే ఇంకేం కావాలి? దించడం కుదరకపోతే 50 శాతం గ్రీన్ షేడ్ నెట్ కట్టండి. పైన ఒక్కటే కడితే చాలదు, పడమర వైపు పక్కన కూడా కట్టాలి, వడగాలి వచ్చేది అటు నుంచే. కుండీని రెండు ఇటుకల మీద ఎత్తి, చుట్టూ గోనెసంచి చుట్టి దాన్ని తడుపుతూ ఉండండి. మట్టి పైన రెండు మూడు అంగుళాల మందాన ఎండుగడ్డో కొబ్బరి పీచో కప్పండి. పాలమూరు వైపు వాళ్లయితే పల్లికాయ పొట్టు వేసుకోవచ్చు. మిర్యాలగూడ మిల్లుల నుంచి వరి ఊక తెచ్చుకునేవాళ్లు పచ్చి ఊకే తెచ్చుకోండి, ఊక బూడిద వద్దు. మన బోరు నీళ్లే క్షారం, బూడిద పడితే ఆ గుణం ఇంకా పెరుగుతుంది.

చాలామంది స్ప్రేయర్ పట్టుకుని ఆకుల మీద రోజంతా నీళ్లు కొడుతుంటారు. నాకైతే అది దండగ పని అనిపిస్తుంది. ఆ తేమ పది నిమిషాలు కూడా నిలవదు, బోరు నీళ్లయితే ఆకు మీద తెల్ల మరకలు మిగులుతాయి. దానికంటే కుండీలన్నిటినీ ఒక్క చోట దగ్గరగా చేర్చి పెడితే వాటి మధ్య కొంత తేమ నిలుస్తుంది.

ఫ్లోరైడ్ సంగతి. నల్లగొండ జిల్లాలో ఏం పాడైనా మనకు ముందు గుర్తొచ్చేది అదే, తప్పు పట్టలేం. నీళ్లలోంచి పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి దేశమంతా ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరే ఉంది కదా. డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ లాంటి మొక్కలకు ఫ్లోరైడ్‌తో కొసలు మాడటం నిజమే. మీ ఏనుగు చెవికి మాత్రం నేను ఫ్లోరైడ్ కంటే ముందు మొత్తం ఉప్పును అనుమానిస్తాను. లోతు బోరు నీళ్లలో కరిగిన లవణాలు ఎక్కువ. నీళ్లు ఆవిరైపోతాయి, లవణం కుండీలోనే పేరుకుంటుంది. కుండీ అంచున, మట్టి పైన తెల్లటి పొర కనిపిస్తోందా? అదే గుర్తు. రోజూ కొంచెం కొంచెంగా పోసేవాళ్ల కుండీల్లో ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే అడుగు నుంచి నీళ్లు ఎప్పుడూ బయటికి పోవు. పోసినప్పుడల్లా కింది రంధ్రం నుంచి కారేదాకా పోయాలి, కింద ప్లేటులో నిలిచినవి పారబోయాలి. నెలకోసారి కుండీ పరిమాణానికి రెండింతల మంచి నీళ్లు మెల్లగా పోసి మట్టిని కడగాలి. ఈ కడగడం చామకు ఇప్పుడే చేయండి. కుళ్లిన అలోకేషియాకు ఇప్పుడు వద్దు, అది తేరుకున్నాక చూద్దాం.

మంచి నీళ్లు ఎక్కడివి అంటారా? ఏసీ ఉంటే దాని పైపు కింద బకెట్ పెట్టండి. ఆ నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, ఈ మొక్కలకు అంతకంటే మంచివి వాన నీళ్లు తప్ప మరొకటి లేవు. బకెట్ వరకే సుమా, మొక్కను ఏసీ బయటి యూనిట్ ఎదురుగా పెడితే ఆ వేడి గాలికి ఒక్క రోజులో వడలిపోతుంది. ఏసీ లేకపోతే మిషన్ భగీరథ నల్లా నీళ్లు పట్టి ఒక రాత్రి గోలెంలో ఉంచి వాడండి. రెండు నీళ్లు మాత్రం పోయొద్దు. ఒకటి, ఆర్వో ఫిల్టర్ నుంచి వృథాగా పోయే నీళ్లు. పొదుపు అనుకుని చాలా ఇళ్లలో అవే కుండీలకు పోస్తున్నారు. ఫిల్టర్ మన తాగే నీళ్లలోంచి తీసిన లవణమంతా ఆ పైపులోనే వస్తుంది. రెండోది, కూలర్ తొట్టిలో మిగిలిన నీళ్లు. రోజంతా ఆవిరయ్యాక మిగిలేది ఉప్పుసారమే. ఇవి బాత్రూం కడగడానికి వాడుకోండి. బట్టల సబ్బు నీళ్లు కూడా ఈ మొక్కలకు పడవు, బియ్యం కడిగిన నీళ్లు నిక్షేపంగా పోయొచ్చు.

కొత్తగా వచ్చే ఆకు ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం లేత పసుపుగా వస్తుంటే అది ఇనుము లోపం. క్షారపు నీళ్లతో మట్టిలో ఇనుమున్నా మొక్కకు అందదు. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకులకు కొట్టండి. వారం పది రోజుల తేడాతో రెండు మూడు సార్లు చాలు. ముదురు ఆకు, అదీ అన్నిటికంటే కిందిది, ఒక్కటే పసుపెక్కితే కంగారు పడకండి. కొత్తది వచ్చేటప్పుడు పాతది పోవడం వీటి స్వభావం. పొద్దున్నే ఆకు కొస నుంచి నీటి బొట్లు కారినా రోగం కాదు, రాత్రి వేళ్లు తాగిన ఎక్కువ నీళ్లు అలా బయటికి పోతాయి.

మీ అత్తమ్మగారి మాటలో సగం నిజం ఉంది. వేలాడే ఆకులది చామ జాతే. అయినా మీరు తెచ్చింది అందం కోసం అమ్మే రకం. ఏ రకమో తెలియకుండా, నర్సరీలో ఏ మందులు కొట్టారో తెలియకుండా వండొద్దు. అలోకేషియా ఆకైతే అసలే వద్దు. ఈ కుటుంబం మొక్కలన్నిటిలో కాల్షియం ఆక్సలేట్ సూదుల్లాంటి స్ఫటికాలుగా ఉంటుంది. నమిలితే అవి నాలుకలో, గొంతులో గుచ్చుకుంటాయి. కూరకు వాడే చామాకును కూడా మన ఆడవాళ్లు చింతపండు వేసి బాగా ఉడికించేది ఆ దురదకు భయపడే. ఆమెకు చామాకు కావాలంటే సంతలో నాలుగు చామగడ్డలు కొని, మొలకలున్నవి చూసి, నల్లా నీళ్లు పారే మోరి పక్కన విడిగా నాటండి. సబ్బు నీళ్లు అటు పారకుండా చూసుకోండి. రెండు రకాల్నీ పక్కపక్కన మాత్రం పెట్టొద్దు, ఆకు కోసేవాళ్లు పొరబడతారు.

బాబు గురించి మీ టెన్షన్ సరైనదే. వాడికి అందని చోట పెట్టండి, లేదా చుట్టూ జాలీ కట్టండి. కింద పడిన ఆకు ముక్కలు ఎప్పటికప్పుడు తీసేయండి. ఎప్పుడైనా నోట్లో పెట్టుకుంటే వేలికి తడిబట్ట చుట్టి నోరు తుడిచి, ముక్కలు తీసేసి, చల్లటి పాలో పెరుగో కొంచెం ఇవ్వండి. వాంతి చేయించే ప్రయత్నం చేయొద్దు. పెదాలు, నాలుక వాచినా, చొంగ ఆగకుండా కారినా, మింగలేకపోయినా, ఊపిరి కష్టంగా ఉన్నా 108కి ఫోన్ చేయండి. కంట్లో పాలు పడితే పదిహేను నిమిషాలు నీళ్ల ధార కింద కడిగి డాక్టర్‌కు చూపించాలి. మేకలు, బర్రెలు తిరిగే వాకిలైతే వాటికి కూడా అందనివ్వొద్దు.

పెద్ద ఆకులు వస్తాయా అన్నారు. వస్తాయి. అయితే 12 అంగుళాల కుండీలో రావు. వేళ్లకు చోటెంతో ఆకు అంత. జూన్‌లో వానలు పడ్డాక ముందు 18 అంగుళాల కుండీకి, మరుసటి ఏడాది 24 అంగుళాల దానికి మార్చండి. ఒక్కసారే పెద్ద కుండీలోకి మారిస్తే వేళ్లు చేరని మట్టి తడి ఆరక అలోకేషియా మళ్లీ కుళ్లుతుంది. 200 లీటర్ల డ్రమ్మును సగానికి కోయించి వాడేవాళ్లున్నారు, చవక, గట్టి. కానీ తడి మట్టితో నిండిన ఆ సగం డ్రమ్ము 150 కిలోలు దాటుతుంది. డాబా మీద స్లాబు నడిమధ్యన పెట్టకుండా, కింద గోడ ఉన్న చోట అంచుకు పెట్టండి.

అలోకేషియాకు రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పెంట ఎరువు, ఒక పాలు దొడ్డు ఇసుక, ఒక పాలు కోకోపీట్ కలపండి. కోకోపీట్‌లో కూడా ఉప్పు ఉంటుంది, రెండు మూడు నీళ్లు మార్చి కడిగి పిండాకే వాడండి. చామకు చెరువు మట్టిని మించింది లేదు. మిషన్ కాకతీయ పూడిక మట్టిని రైతులు చెలకలకు తోలుకున్నది ఇందుకే కదా. సగం చెరువు మట్టి, సగం పెంట ఎరువు వేస్తే అది మీ మాట వింటుంది. రంధ్రం లేని సిమెంట్ తొట్టిలో మట్టి మీద రెండు అంగుళాల నీళ్లు నిలబెట్టి కూడా చామను పెంచొచ్చు, వేసవికి అదే హాయి. దోమలు చేరకుండా నాలుగు గప్పీ చేపలు వదలండి. చేపలు పెట్టలేకపోతే ఈ పద్ధతి మానేయండి, డెంగీ తెచ్చే దోమ ఇంత నీటిలోనే గుడ్లు పెడుతుంది.

తిండి సంగతి చెప్పాలంటే ఇవి తిండిపోతులు. వానాకాలమంతా పదిహేను రోజులకోసారి రెండు గుప్పిళ్ల వర్మికంపోస్టు, మధ్యలో లీటరుకు 2 గ్రాముల 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది) కలిపిన నీళ్లు. మట్టి తడిగా ఉన్నప్పుడే పోయాలి. మండుటెండల్లో ఎరువు బంద్, అప్పుడు అది కూడా ఉప్పు కిందే లెక్క. పక్కన లేచే పిలకల్ని ఎప్పటికప్పుడు తీసేస్తే బలమంతా తల్లి మొక్కకే పోయి ఆకు పెద్దదవుతుంది. గుబురు కావాలంటే పిలకలు ఉంచుకోండి, అప్పుడు ఆకు సైజు తగ్గుతుంది. రెండూ కావాలంటే కుదరదు. గాలి తగిలే చోట పెద్ద ఆకు నిలవదు, చీలిపోతుంది. ఫొటోల్లో మనిషంత ఆకులన్నీ నీడ, తేమ, గాలికి అడ్డం ఉన్న తోటలవి. నీడ పట్టున పెడితే మన దగ్గర కుండీలో కూడా రెండు అడుగుల ఆకు చూడొచ్చు. ఆన్‌లైన్‌లో నీలం రంగు, గులాబీ రంగు ఏనుగు చెవి ‘విత్తనాలు’ అని వచ్చేవాటికి డబ్బులు పంపకండి. వీటిని పిలకల నుంచి, దుంపల నుంచి పెంచుతారు.

పురుగుల్లో వేసవికి ఎర్రనల్లి ఒక్కటే పెద్ద బాధ. ఆకు వెనుక సాలెగూడు లాంటి సన్నటి బూజు, పైన సూది మొనలంత తెల్ల చుక్కలు కనిపిస్తే అదే. ఆకు వెనుక వైపు నీళ్లు గట్టిగా కొట్టి కడిగి, సాయంత్రం లీటరుకు 5 మి.లీ. వేపనూనె, రెండు చుక్కల షాంపూ కలిపి పిచికారీ చేయండి. ముసురు పట్టిన వానల్లో చామ ఆకుల మీద నీళ్లు నానినట్టు గుండ్రటి మచ్చలొచ్చి పెద్దవైతే ఆకు ఎండు తెగులు. ఆ ఆకులు కోసి పారేసి, ఇందాక చెప్పిన కాపర్ మందే కొట్టాలి.

డిసెంబరులో రాత్రి చలికి రెండూ మందగిస్తాయి. అప్పుడు నీళ్లు సగానికి తగ్గించండి, ముఖ్యంగా అలోకేషియాకు. చలికాలంలో చిగురు రాలేదని నీళ్లు, ఎరువు పెంచడం వల్లే చాలా మొక్కలు పోతాయి. కుండీ మార్చడం, పిలకలు విడదీయడం మృగశిర కార్తె వచ్చి నేల చల్లబడ్డాకే పెట్టుకోండి. కాబట్టి మీ చామను ఇప్పుడు నీడకు జరిపి, ఉన్న కుండీలోనే జూన్ దాకా నెట్టుకురండి. అంచులు మాడినా మధ్యలో పచ్చగా ఉన్న ఆకుల్ని తెంపొద్దు, మొక్కకు తిండి తయారయ్యేది వాటిలోనే. ఎక్కువైన పిలకల్ని తెలిసినవాళ్లకు ఇవ్వండి. సాగర్ కాలువలోనో చెరువు గట్టునో మాత్రం పారేయకండి, చామ అక్కడ దొరికిన నీళ్లకు గట్టంతా అల్లుకుపోతుంది.